నాన్నగారి గుండె మాత్రలు, కంటి చుక్కలు పనిచేస్తున్నాయా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. అమ్మతో కలిసి రాజమహేంద్రవరంలో ఉంటారు, నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. మూడేళ్ల క్రితం ఆయనకు గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. అప్పటి నుంచి ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, మెటోప్రొలాల్ వాడుతున్నారు. షుగరు ఉంది కానీ మాత్రలతో అదుపులోనే ఉంది. నాలుగు నెలల క్రితం కంటి డాక్టరు గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) అని చెప్పి రెండు కళ్లకూ టిమొలాల్ చుక్కలు రాశారు. ‘ఇన్ని మందులు వాడుతున్నా ఒంట్లో తేడా ఏమీ తెలియడం లేదు, చుక్కలు వేసుకుంటున్నా చూపు మెరుగుపడలేదు’ అని నాన్నగారు అన్నీ మానేస్తానంటున్నారు. పైగా కాళ్లు లాగుతున్నాయని, అది కొలెస్టరాల్ మాత్ర వల్లేనని ఆయన నమ్మకం. ఈమధ్య మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయట. బీపీ మిషన్‌లో నాడి 48, 50 చూపిస్తోంది. మా బాబాయి రెండేళ్ల క్రితమే గుండె మాత్రలు మానేసి నిక్షేపంగా తిరుగుతున్నారు. ఈ మందులు పనిచేస్తున్నాయని అసలు ఎవరు, ఎలా తేలుస్తారు? నాన్నగారి విషయంలో మాకు ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నకు తీరిగ్గానే జవాబు చెబుతాను. కానీ ఉత్తరం చివర్లో మాటవరసకన్నట్టు రాసిన ఆ 48, ఆ కళ్లు తిరగడం ఆగే విషయాలు కావు. ఇది చదవడం కాసేపు ఆపి, ఈరోజే ఇద్దరు డాక్టర్లకూ ఫోను చేయండి.

మెటోప్రొలాల్, టిమొలాల్ రెండూ బీటా బ్లాకర్లే, అంటే గుండె వేగాన్ని తగ్గించే కోవకు చెందిన మందులే. ఒకటి గుండె డాక్టరు రాసిన మాత్ర, ఇంకొకటి కంటి డాక్టరు రాసిన చుక్క. కంట్లో వేసిన చుక్క కంటికే పరిమితమని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో చాలా భాగం కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి జారి, అక్కడి పల్చటి పొర నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగిన మాత్ర ముందు కాలేయం గుండా పోయి కొంత బలం కోల్పోతుంది. ముక్కు దారిన వెళ్లిన మందుకు ఆ వడపోత ఉండదు. చుక్కలో ఉండే టిమొలాల్ మిల్లీగ్రాములో నాలుగో వంతుకు మించదు. అయినా కొందరిలో నాడిని నెమ్మదింపజేయడానికి, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి అందకుండా చేయడానికి అది చాలు. ఇప్పటికే బీటా బ్లాకర్ మింగుతున్న మనిషికి ఇది రెండో మోతాదు కిందే లెక్క. కళ్లు తిరగడం చుక్కలు మొదలుపెట్టాకే వచ్చిందా అన్నది తేదీలతో సహా గుర్తు తెచ్చుకుని డాక్టర్లకు చెప్పండి. స్పృహ తప్పినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఫోనుతో సరిపెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అలాగని మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు. గుండెపోటు వచ్చిన మనిషి మెటోప్రొలాల్‌ను ఉన్నట్టుండి మానేస్తే గుండె ఒక్కసారిగా ఎదురుతిరిగే ప్రమాదం ఉంది. చుక్కలు మానేస్తే కంటి ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. కంటి డాక్టరు దగ్గర లాటానోప్రాస్ట్ లాంటి వేరే రకం చుక్కలు ఉన్నాయి, వాటికి నాడిని తగ్గించే గుణం లేదు. మార్చాలా వద్దా అన్నది ఆయన తేలుస్తారు. ఆయనకు గుండె మందుల చీటీ చూపించారా? చాలా ఇళ్లలో కంటి ఆసుపత్రికి కంటి ఫైలు మాత్రమే పట్టుకెళతారు. నన్నడిగితే ఈ అలవాటు మాన్పించడమే సగం వైద్యం.

గుండె మందులకూ కంటికీ ఉన్న ఈ చుట్టరికం కొత్తది కాదు. 1970లో బ్రిటన్‌లో ప్రాక్టొలాల్ అనే బీటా బ్లాకర్ వచ్చింది. గుండె మీద బాగానే పనిచేసింది, జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఏ దోషమూ బయటపడలేదు. కొన్నేళ్లకు ఆ మాత్రలు వాడుతున్న కొందరికి కన్నీళ్లు ఎండిపోయి, నల్లగుడ్డు మీది పొర మచ్చకట్టి, చూపు పోవడం మొదలైంది. లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి వైద్యుడు పీటర్ రైట్ 1975లో దీన్ని వివరంగా ప్రచురించారు. ఆ తర్వాత మాత్రలను మార్కెట్ నుంచి తీసేశారు. గుండె దగ్గర నెగ్గిన మందు తప్పు కంటి డాక్టరు గదిలో దొరికింది. మందు పనిచేస్తోందా అనే ప్రశ్నకు ‘ఎక్కడ చూశారు, ఎంతకాలం చూశారు’ అనే రెండు ప్రశ్నలు ఎప్పుడూ తోడుంటాయి.

ఇక నాన్నగారి ఫిర్యాదు. చూపు మెరుగుపడలేదన్నారు. మెరుగుపడదమ్మా. గ్లకోమాలో దెబ్బతిన్న కంటి నరం తిరిగి రాదు. మిగిలినదాన్ని కాపాడటానికే ఆ చుక్కలు. ఈ మాట మొదటి రోజే రోగికి అర్థమయ్యేలా చెప్పకపోతే నాలుగు నెలలకు సీసా మూలన పడుతుంది. గోదావరి జిల్లాలో పుట్టిన ఆయనకు మీరు ఇలా చెప్పి చూడండి: వరద రాని ఏడాది ఏటిగట్టు దండగలాగే కనిపిస్తుంది. ఆయన గుండె మాత్రల్లో ముఖ్యమైనవీ ఆ గట్టు లాంటివే. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మింగితే ఒంట్లో హాయిగా అనిపించదు, ఆస్పిరిన్ మింగితే ఉత్సాహం రాదు. రావలసిన ఆపద రాకపోవడం కోసం అవి వేసుకుంటాం, రానిదాన్ని ఎవరూ చూడలేరు.

చూడలేనిదాన్ని లెక్కించడానికే పెద్ద పెద్ద పరీక్షలు పుట్టాయి. ఒకే రకం రోగులను చీట్లు తీసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు మందు, ఇంకొక గుంపుకు చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టరుకూ తెలియదు. కొన్నేళ్ల తర్వాత తలలు లెక్కపెడతారు. గ్లకోమా విషయంలో బ్రిటన్‌లో 516 మందితో చేసిన పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. రెండేళ్లలో ఉత్తుత్తి చుక్కలు వేసుకున్నవారిలో 25.6 శాతం మందికి చూపు పరిధి ఇంకా కుంచించుకుపోయింది. లాటానోప్రాస్ట్ వేసుకున్నవారిలో 15.2 శాతం మందికే అలా జరిగింది. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. మందు లేకుండా కూడా నలుగురిలో ముగ్గురికి ఆ రెండేళ్లలో తేడా పడలేదు. మందు వేసుకున్నా కొందరికి నష్టం ఆగలేదు. కాబట్టి ఒక్క మనిషి తన కంటిని చూసుకుని ‘పనిచేసింది’ అనలేడు, ‘చేయలేదు’ అనీ అనలేడు. నాకు ఆశ్చర్యం కలిగించేది ఇంకొకటుంది. లాటానోప్రాస్ట్ 1996లోనే మార్కెట్‌కు వచ్చింది. కంటి ఒత్తిడిని తగ్గిస్తుందన్న ఆధారంతో లక్షల మంది వాడారు. అది చూపును కాపాడుతుందని ఉత్తుత్తి చుక్కలతో పోల్చి నిరూపించడానికి మాత్రం ఇంతకాలం పట్టింది.

బాబాయిగారి దగ్గరికి వద్దాం. 1994లో స్కాండినేవియా దేశాల్లో గుండెజబ్బు ఉన్న 4,444 మంది మీద, మీ నాన్నగారి అటోర్వాస్టాటిన్ కోవకే చెందిన సింవాస్టాటిన్ పరీక్ష పూర్తయింది. సుమారు అయిదున్నరేళ్లలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 2,223 మందిలో 256 మంది చనిపోయారు, మందు వేసుకున్న 2,221 మందిలో 182 మంది. గుండెజబ్బుల చరిత్రలోనే పెద్ద విజయాల్లో ఇదొకటి. అయినా చూడండి, మందు అందనివారిలో కూడా నూటికి దాదాపు 88 మంది బతికే ఉన్నారు. మీ బాబాయిగారు ఇప్పటికి ఆ 88 మందిలో ఉన్నారు, అలాగే ఉండాలని కోరుకుంటున్నాను. ఆయన్ను చూపించి మందు అనవసరమనడం, లాటరీ తగిలినవాణ్ణి చూపించి టికెట్లు కొనమనడం కన్నా మెరుగైన వాదనేమీ కాదు.

ఒకరిద్దరిని కాదు, గుంపులో ఒక ముక్కను విడదీసి చూసినా మోసపోతాం. గుండెపోటులో ఆస్పిరిన్ ప్రాణాలు కాపాడుతుందని 17,187 మందితో 1988లో నిరూపించిన పరీక్షను ఐసిస్-2 అంటారు. అందులో ఫలితాలను వయసువారీగా, జబ్బువారీగా ముక్కలు చేసి ఇమ్మని పత్రిక సంపాదకులు ఒత్తిడి చేశారు. పరిశోధకులు అలా ఇస్తూనే, రోగులను పుట్టిన రాశుల వారీగా కూడా విడగొట్టి చూపించారు. మిథున, తులారాశుల వారికి ఆస్పిరిన్ మేలు చేయనట్టు, కాస్త కీడే చేసినట్టు తేలింది! ముక్కలు చేస్తూ పోతే యాదృచ్ఛికంగా ఎలాంటి ఫలితాలు పుట్టుకొస్తాయో చెప్పడానికి వాళ్లు చేసిన చిలిపి పని అది. మన దినఫలాల వాళ్ల కంట పడలేదు, సంతోషం.

ఇప్పుడు మీ ప్రశ్నలో నాకు ముఖ్యమనిపించిన భాగం: ఎలా తేలుస్తారు? ‘మందు వాడాక ఏది తగ్గింది, అంకెనా ఆపదనా’ అని అడగడంలోనే చాలావరకు జవాబు ఉంది. 1980లలో గుండెపోటు నుంచి బయటపడ్డవారికి ఈసీజీలో గుండె మధ్యమధ్య అదనంగా కొట్టుకునే ‘అదనపు దెబ్బలు’ కనిపిస్తే, వాటిని అణచడానికి ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే మందులు ఇచ్చేవారు. అలాంటి దెబ్బలున్నవారు హఠాత్తుగా చనిపోయే అవకాశం ఎక్కువని అప్పటికే తెలుసు. కాబట్టి వాటిని అణిస్తే మరణాలు తగ్గాలి. తర్కంలో ఎక్కడా లోపం కనిపించదు. అమెరికాలో కాస్ట్ అనే పరీక్షలో దీన్ని సరిచూశారు. మందు వేయగానే ఎవరి ఈసీజీ చక్కబడిందో వారినే పరీక్షలోకి తీసుకున్నారు, అంటే కాగితం మీద అందరికీ మందు ‘పనిచేసింది’. ఆ తర్వాత వారిలో 755 మందికి మందు, 743 మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సగటున పది నెలల్లో మందు గుంపులో 63 మంది, రెండో గుంపులో 26 మంది చనిపోయారు. 1989లో ఈ రెండు మందులతో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఈసీజీని అందంగా మార్చిన మందే మనుషులను చంపుతోంది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న గుంపు లేకపోతే ఆ 63 మరణాలనూ పాత గుండెజబ్బు ఖాతాలో రాసి ఊరుకునేవారు.

తర్వాత కూడా ఇలాంటివి జరిగాయి. టోర్సెట్రపిబ్ అనే మందు మంచి కొలెస్టరాల్‌ను 72 శాతం పెంచింది. మరణాలు కూడా పెరగడంతో 2006 డిసెంబరులో దాని కథ ముగిసింది. దీనికి తలకిందులుగా జరిగింది బీటా బ్లాకర్ల విషయంలో. గుండె బలహీనపడ్డవారికి వీటిని ఇవ్వకూడదని ఒకప్పుడు వైద్య విద్యార్థులకు నేర్పేవారు. 1999లో వచ్చిన రెండు పెద్ద పరీక్షల్లో, అందులో ఒకటి మీ నాన్నగారు వాడే మెటోప్రొలాల్‌తోనే, మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. మొదటి వారాల్లో రోగికి కాస్త నీరసంగా అనిపించే మందే ఆయుష్షు పెంచింది. ఒంట్లో ఎలా ఉందన్నదే కొలమానమైతే అది ఎప్పుడో చెత్తబుట్టలో పడేది.

ఇంకొక మందు ఉంది, రక్తంలో కొవ్వును తగ్గించే ఫెనోఫైబ్రేట్. ఫీల్డ్ అనే పరీక్షలో షుగరు ఉన్న 9,795 మందికి గుండె కోసం ఇచ్చి చూశారు. గుండె దగ్గర అనుకున్న ఫలితం తేలలేదు. కానీ అవే లెక్కలు తిరగేస్తే, కంటి వెనక పొర అయిన రెటీనా దెబ్బతిని లేజర్ చేయించుకోవలసి వచ్చినవారు ఉత్తుత్తి మాత్ర గుంపులో 4.9 శాతం, మందు గుంపులో 3.4 శాతం. ఇప్పుడే కదా, ముక్కలు చేసి చూడవద్దన్నది అంటారా? సరైన అభ్యంతరమే. అందుకే దీన్ని కంటి కోసమే ప్రత్యేకంగా మళ్లీ పరీక్షించారు. స్కాట్లండ్‌లో 1,151 మందితో చేసిన ఆ పరీక్ష ఫలితం 2024లో వచ్చింది: రెటీనా జబ్బు ముదిరి వైద్యానికి పంపాల్సినవారు, చికిత్స చేయాల్సినవారు 29.2 శాతం నుంచి 22.7 శాతానికి తగ్గారు. ఒక చోట ఓడిన మందు ఇంకొక చోట రెండుసార్లు నెగ్గింది. నాన్నగారికి షుగరు ఉంది కాబట్టి రెటీనా పరీక్ష ఏటా జరుగుతోందో లేదో కనుక్కోండి. గ్లకోమాకు చూపిస్తున్నాం కదా అని చాలామంది దాన్ని మరిచిపోతారు. ఫెనోఫైబ్రేట్ అవసరమా కాదా అన్నది డాక్టరు తేల్చాలి. స్టాటిన్‌తో కలిపి వాడేటప్పుడు కిడ్నీని, కండరాలను గమనించాలి.

కాళ్లు లాగడం గురించి. దీన్ని కొట్టిపారేయను, అలాగని వెంటనే స్టాటిన్ మీదా వేయను. లండన్‌లో శామ్సన్ అనే చిన్న పరీక్ష చేశారు, నాకు చాలా నచ్చిన పరీక్ష. దుష్ఫలితాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి తలా 12 సీసాలు ఇచ్చారు: నాలుగింటిలో స్టాటిన్, నాలుగింటిలో ఉత్తుత్తి మాత్ర, నాలుగు ఖాళీ. నెలకొక సీసా. రోజూ బాధను నూటికి ఇన్ని మార్కులని ఫోనులో నమోదు చేయాలి. ఏ మాత్రా లేని నెలల్లో సగటు 8, స్టాటిన్ నెలల్లో 16.3. ఉత్తుత్తి మాత్ర నెలల్లో? 15.4. బాధ నిజమే, ఎవరూ నటించలేదు. కానీ దాదాపు అంతా మాత్ర మింగుతున్నామన్న భయం నుంచి వచ్చింది, మందు నుంచి కాదు. తమ లెక్కలు తామే చూసుకున్నాక సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. నాన్నగారికి ఈ కథ చెప్పండి, కానీ ‘అంతా నీ భ్రమ’ అనే గొంతుతో చెప్పవద్దు. కండరాలు నిజంగా బలహీనపడి మెట్లెక్కలేకపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అది వేరే సంగతి, వెంటనే డాక్టరుకు చెప్పి సీపీకే అనే రక్తపరీక్ష చేయించాలి. మామూలు లాగుడైతే మాత్ర మార్చడం, మోతాదు తగ్గించడం లాంటి దారులున్నాయి.

ఇక మీ నాన్నగారి ఒక్కరి విషయంలో ఎలా తెలుస్తుందంటారా? పెద్ద పరీక్షల్లో ఆపదను తగ్గిస్తుందని తేలిన మందుకు, ఇంట్లో అంకె చూసుకోవడం అప్పుడు న్యాయమే. చెడ్డ కొలెస్టరాల్ డెసిలీటరు రక్తంలో సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోట్లు, పక్షవాతం వంటివి దాదాపు అయిదో వంతు తగ్గుతాయని ఎన్నో పరీక్షలను కలిపి లెక్కకట్టారు. అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు రోజూ వేసుకుంటే చెడ్డ కొలెస్టరాల్ దాదాపు సగానికి పడిపోవాలి. పడలేదంటే మందు చెడ్డదనుకునే ముందు, మాత్రలు నిజంగా మింగుతున్నారా అని చూడాలి. డబ్బాలో మిగిలినవి లెక్కపెట్టమని అమ్మకు చెప్పండి, గొడవ లేకుండా తేలిపోతుంది. నాలుగు గుండె మందులను ఒకే మాత్రగా ఇస్తే ఏమవుతుందని భారత్, ఐరోపాల్లో 2,004 మందితో చేసిన పరీక్షలో, విడివిడిగా వాడేవారిలో 65 శాతం మందే క్రమంగా వాడారు, కలిపి ఇచ్చినవారిలో 86 శాతం. ఆ మాత్ర తయారైంది మన హైదరాబాద్ కంపెనీలోనే. ఆస్పిరిన్‌కు మాత్రం ఇంట్లో చూసుకునే అంకె ఏదీ లేదు, దాన్ని నమ్మకం మీద వేసుకోవలసిందే. ఆ నమ్మకం వెనుక పదిహేడు వేల మంది ఉన్నారు.

కంటి లెక్క కాస్త చిక్కు. కంటి ఒత్తిడి ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. నల్లగుడ్డు మీది పొర మందంగా ఉన్నవారికి పరికరం ఎక్కువ చూపిస్తుంది, పల్చగా ఉన్నవారికి తక్కువ. కాబట్టి ఒక్కసారి 17 వచ్చిందని సంబరం, 20 వచ్చిందని కంగారు రెండూ తొందరపాటే. కొందరు డాక్టర్లు ముందు ఒక కంటికే చుక్కలు వేయించి రెండో కంటితో పోల్చి చూస్తారు. ఆలోచన బాగుంది, కానీ టిమొలాల్ రక్తంలో కలిసి రెండో కంట్లోనూ ఒత్తిడిని కొంచెం తగ్గిస్తుంది! అసలు తీర్పు చెప్పేది చూపు పరిధిని కొలిచే ఫీల్డ్ టెస్ట్, అదే చీకటి గదిలో గిన్నెలాంటి పరికరంలోకి చూస్తూ వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్ష. మొదటి ఒకటి రెండుసార్లు ఎవరైనా సరిగా చేయలేరు, నేర్చుకోవడానికే సరిపోతుంది. జబ్బు ఆగిందా, జారుతోందా అన్నది ఒకటి రెండేళ్లలో తీసిన అయిదారు కాగితాలను వరుసగా పేర్చి చూస్తేనే తెలుస్తుంది. నాలుగు నెలలకు తీర్పు అడుగుతున్న నాన్నగారికి ఇది రుచించదు. అయినా ఉన్న మాట అదే. ప్రతి కాగితమూ దాచండి, వీలైతే ఒకే చోట, ఒకే రకం పరికరం మీద చేయించండి.

ఈసారి రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు, అప్పటికి డాక్టరు ఏ చుక్కలు రాసి ఉన్నా, ఆయన వాటిని ఎలా వేసుకుంటున్నారో పక్కన కూర్చుని చూడండి. చాలామందికి చుక్క చెంప మీద పడుతుంది, లేదా నాలుగు చుక్కలు గుమ్మరిస్తారు. కంటికి ఒక్క చుక్క చాలు, అంతకుమించి పట్టదు. కింది రెప్పను కొంచెం లాగి ఒక చుక్క వేసి, కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు అదిమి ఉంచాలి. అలా చేస్తే మందు కంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, ముక్కు దారిన గుండెకు చేరేది బాగా తగ్గుతుంది. రెండో రకం చుక్కలు ఉంటే అయిదు నిమిషాలు ఆగి వేయాలి. సీసా తెరిచిన తేదీని దాని మీద పెన్నుతో రాసి పెట్టండి. సాధారణంగా నాలుగు వారాలకు కొత్తది తెరవాలి, అడుగున ఇంకా మిగిలి ఉన్నా సరే.